అరువు గొంతుతో నటించిన ఎర్సీలియా తొందెల్లి వీలునామా

రోమా నగరంలో గర్బతెల్లా పేటలో నివసిస్తున్న, కీర్తిశేషుడు ప్రీమో తొందెల్లి కుమార్తెనైన నేను, ఎర్సీలియా తొందెల్లి, అరవై ఆరేళ్ళ వయసులో, మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని, నోటరీ ఫుల్వియో మాస్త్రాంజెలి గారి చేత నా ఇష్టప్రకారం రాయించుకుంటున్న వీలునామా ఇది.

సినిమాల్లో నా పేరు లియా దోరి అని వేసేవారు. ఆ పేరు ఒక నిర్మాత ఆఫీసులో టైపు కొట్టే అమ్మాయి పెట్టింది. తొందెల్లి అంటే బస్తాలు మోసేవాళ్ళ ఇంటిపేరులా ఉందంది. ఆ లియా, ఈ ఎర్సీలియా ఒకే మనిషి అని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. సంతకం మాత్రం మా నాన్న పెట్టిన పేరుతోనే చేస్తాను.

నా ఊపిరితిత్తులు పాడయ్యాయి. బుద్ధి పాడవలేదు. డాక్టరు గారు పొద్దున వచ్చి, ఇది ఏ సంవత్సరం, కిటికీలోంచి కనిపించే గుడి ఏ పునీతుడిది అని అడిగి, నా జవాబులు విని, సర్టిఫికెట్ రాసిచ్చి వెళ్ళారు. దాన్ని దీనికి జతపరుస్తున్నాను. నేను ఎవరి ఒత్తిడికీ లొంగి గానీ, ఎవరి మంచిమాటలకూ కరిగి గానీ దీన్ని రాయించడం లేదు. నాతో మంచిగా మాట్లాడేవాళ్ళు ఈ మధ్య ఎవరూ రాలేదు కూడా.

ఒకటో అంశం. ఇదివరకు రాసిన వీలునామాను, అందులోని ప్రతి మాటనూ రద్దు చేస్తున్నాను. అందులో నా సర్వస్వమూ మా అన్న కొడుకు ఇవానోకు రాశాను. మనసు ఎందుకు మారిందో వాడు కోర్టులో అడుగుతాడు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. పోయిన ఈస్టరు పండక్కి వాడు చాక్లెట్ గుడ్డు ఒకటి, కొలతల టేపు ఒకటి పట్టుకుని వచ్చాడు. గుడ్డు బల్ల మీద పెట్టి, టేపుతో గదులు కొలవడం మొదలుపెట్టాడు.

“అత్తా, ఈ అడ్డగోడ తీయించేస్తే హాలు ఎంత బాగుంటుందో చూడు,” అన్నాడు.

“గోడ తీసేస్తే యోలే ఎక్కడ పడుకుంటుందిరా?” అన్నాను.

“మూగావిడకి విడిగా గదెందుకత్తా? సిస్టర్ల ఆశ్రమంలో ఓ మంచం చాలు.”

నాతో కలిసి ఉంటున్న యోలే అప్పుడు వంటింట్లో మా ముగ్గురికీ గొర్రెమాంసం వేయిస్తోంది. గొంతుకు ఆపరేషన్ జరిగి ఆవిడకు మాట పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. మాంసం తెచ్చి ముందు వాడికే వడ్డించింది. వాడు రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. నేను నోటరీ గారిని పిలిపించుకోవాలని అనుకున్నది ఆ పూటే.

రెండో అంశం. నా శరీరాన్ని గురించి. పేట చర్చిలో చిన్న పూజ చేయించి, వెరానో శ్మశానంలో మామూలు వరుసలో పెట్టండి. స్టూడియో వాళ్ళ బండి వద్దు. ఉపన్యాసాలు వద్దు. రాయి మీద నా అసలు పేరు, దాని కింద “నటి” అని రాయండి. “సహాయ నటి” అని రాయడానికి ఎవరైనా సిద్ధపడితే ఒప్పుకోకండి. నేను ఎవరికీ సహాయం చేయడానికి ఆ పనిలోకి వెళ్ళలేదు. అన్నం కోసం వెళ్ళాను, తర్వాత ఆ పని మీద ఇష్టం పుట్టి ఉండిపోయాను.

మూడో అంశం. చిల్లర సామాను. దీన్ని పంచాలంటే అది నా చేతికి ఎలా వచ్చిందో కొంత చెప్పాలి.

డెల్టాలోని కొమాక్యో బురదనీళ్ళలో మా నాన్న మలుగు చేపలు పట్టేవాడు. పదిహేడేళ్ళకు నన్ను రోమాలో ఒక పళ్ళ డాక్టరు ఇంట్లో పనికి కుదిర్చారు. ఆ డాక్టరు దగ్గరికి వచ్చే సినిమావాళ్ళలో ఒకాయన నన్ను చూసి, గుంపు దృశ్యంలో నిలబడతావా అని అడిగాడు. నిలబడ్డాను. ఆ తర్వాత గుంపులోంచి ముందు వరుసకు, ముందు వరుసలోంచి కథానాయిక పక్కకు వచ్చాను. అక్కడే ఆగిపోయాను. కథానాయిక ఏడుస్తుంటే చేతిరుమాలు అందించేదాన్ని నేనే. ఆమెకు పెళ్ళి కుదిరితే కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడేదాన్నీ నేనే. యుద్ధం అయిపోయాక నాలాంటి ముఖాలు కావాల్సివచ్చాయి. గుడ్డలు ఉతికేవాళ్ళు, రేషన్ వరుసలో నిలబడేవాళ్ళు. అవి నా మంచి రోజులు. ఉత్తరాన ఒక పట్టణంలో సినిమా ఉత్సవం జరిపి, ఆ ఏటి సహాయ నటీమణుల్లో నేను మేలని వెండిపళ్ళెం ఇచ్చారు.

ఆ వెండిపళ్ళెం ఇవానోకు ఇస్తున్నాను. వాడి నేలబిళ్ళల దుకాణంలో పెట్టుకుంటే కొనేవాళ్ళు చూసి గౌరవిస్తారు. నా అన్న కొడుకు కాబట్టి ఇదైనా దక్కాలి. ఇంతకు మించి ఏదీ వాడికి చెందదు.

కుందేలు బొచ్చు కోటు కింద పాలకొట్టు నడిపే తుల్లియా పెత్రుచ్చికి ఇద్దామనుకున్నాను. ఆమె ఇవాళ సాక్షిగా సంతకం చేయాలి, సాక్షికి ఏదీ ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని నోటరీ గారు చెప్పారు. అందుకని ఆ కోటు నిన్ననే ఆమెకు తొడిగి పంపేశాను. చంకల దగ్గర బిగుతుగా ఉంది, కుట్టు విప్పుకోవాలి.

కుట్టుమిషన్, కాఫీ గిన్నెలు, పక్కబట్టలు అన్నీ యోలేవి. ఫొటోలు ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. పంతొమ్మిది వందల యాభైఏడు తర్వాతి ఫొటోల్లో నన్ను వెతుక్కోవడం కష్టం. గుర్రాల సినిమాల్లో శవం మీద పడి ఏడ్చే ముసలిదాన్ని, దయ్యాల సినిమాల్లో తలుపు తీసి పక్కకు తప్పుకునేదాన్ని నేనే. ఒక సినిమాలో దుప్పటి కింద శవంగా కూడా పడుకున్నాను. దుప్పటి తీయనే లేదు.

నాలుగో అంశం. మంచం కింద గుండ్రటి రేకుడబ్బాలో ఉన్న ఫిల్మ్ ముక్కను, దాన్ని ఆడించే చిన్న ప్రొజెక్టరుతో సహా, కీర్తిశేషురాలు నివెస్ కార్లి చెల్లెలు, రవెన్నాలో జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతున్న మిలేనా కార్లికి ఇస్తున్నాను.

నివెస్ ఎవరో ఈ కాగితం చదివేవాళ్ళకు తెలియాలి. యాభైఐదు నవంబరులో, నిర్మాత అత్తిలియో గర్గాంతి మా డెల్టా వరద మీద సినిమా తీశాడు. నాది, నా భర్త ఒరెస్తే ప్రాందీది ఇల్లు కోల్పోయిన జంట వేషం. వరద బాధితులుగా నిలబడడానికి ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళనే కూలికి పిలిచారు. నాలుగేళ్ళ కిందట నిజం వరదలో పైకప్పుల మీదికి ఎక్కి బతికినవాళ్ళే వాళ్ళంతా. నివెస్ వాళ్ళలో ఒకతె. పంతొమ్మిదేళ్ళ పిల్ల. నా మాట వినగానే నేను వాళ్ళ వైపు మనిషినని పట్టేసింది. గట్టు మీద మంట వేసుకుని చలి కాచుకుంటుంటే నా పక్కన చేరింది.

“అక్కా, సినిమాలో మా మొకాలు కనపడతాయా? తలగుడ్డలేనా?” అంది.

“కెమెరా వైపు చూడకుండా ఉంటే కనపడతావు,” అన్నాను.

“సూడకపోతే అదెక్కడుందో నాకెలా తెలుత్తాది?”

పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. కెమెరా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక కుర్రాడు అప్పుడు మా మంట వైపు తిప్పి కాస్త తీశాడు. ఆ ముక్కే రేకుడబ్బాలో ఉన్నది. కత్తిరింపు గదిలో పనిచేసే ఒకావిడ దాన్ని చెత్తలో పడేయకుండా దాచి నాకు ఇచ్చింది. అందులో నివెస్ కాగితంలో పొలెంతా అనే మొక్కజొన్న సంకటి పెట్టుకుని తింటోంది. వేడికి వేళ్ళు కాలి ఊదుకుంటూ నవ్వుతోంది. ఏదో అంటోంది గానీ అందులో శబ్దం లేదు. తడవక ముందు, పొడిబట్టల్లో ఉన్న మీ అక్క అది, మిలేనా. అప్పటికి నీకు ఆరేళ్ళు. నీకు ఆమె ముఖం గుర్తులేదని ఒకసారి అన్నావు.

పొద్దున పడవ దృశ్యం తీశారు. బాగానే వచ్చింది. మధ్యాహ్నం మంచు ఇంకా దట్టంగా దిగింది, మళ్ళీ తీద్దామన్నారు. పడవ నడిపే సాంతే అనే పెద్దాయన లగ్గి గెడ పక్కన పెట్టేసి గట్టు ఎక్కాడు. నాతో మా భాషలో అన్నాడు.

“ఈ పడవ ఇంకోపాలి ఇంతమందిని మొయ్యదమ్మా. అడుగు సెక్క ఇడిసింది. నీళ్ళు ఊరతన్నాయి. సగం మందినెక్కిత్తే తీసుకెల్తాను.”

సహాయ దర్శకుడు లుక్కి, కేకలేసే గొట్టం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనిది రోమా. “ఏమంటాడు ముసలాడు?” అన్నాడు.

నేను ప్రతి మాటా అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాను. పడవ అడుగు విడిచిందన్నాను. సగం మందినే ఎక్కించమంటున్నాడన్నాను.

“సగం మందైతే వరదలా ఉండదు తల్లీ, ఆదివారం షికారులా ఉంటుంది,” అని, గొట్టంలోంచి ఆడవాళ్ళతో చెప్పాడు: “ఎక్కనివాళ్ళు ఇంటికి పోవచ్చు. ఈ రోజు కూలి మీద ఆశ పెట్టుకోవద్దు.”

ఎక్కారు. సాంతే కూడా, వాళ్ళను ఒంటరిగా వదలలేక, ఎక్కాడు. నది మధ్యలో పడవ ఒక పక్కకు దిగి, అలాగే ఒరిగిపోయింది. ఈత వచ్చినవాళ్ళు రానివాళ్ళను పట్టుకున్నారు, సాంతే చెక్కలు అందించాడు. నివెస్‌కు బట్టల విభాగం వాళ్ళు ఇచ్చింది బరువైన మగవాళ్ళ ఉన్ని కోటు. అది నీళ్ళు పీల్చుకుంది. ఆమె ఒకసారి పైకి వచ్చింది. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆపమని ఎవరూ చెప్పలేదు, లోపల ఫిల్మ్ అయిపోయాక దానంతట అదే ఆగింది.

మర్నాడు ఆమె శవం తూము తలుపుల దగ్గర దొరికింది. వాళ్ళమ్మ దిర్చే పిల్ల బట్టలు కావాలని వచ్చింది. బట్టల మూట ఇచ్చి, శవం మీద ఉన్న కోటు కంపెనీది, ఆరిన తర్వాత తిరిగి పంపమన్నాడు మేనేజరు. నేను అతని ముఖాన నా వేషం కోటు విసిరి కొట్టాను. దాన్ని తీసుకుని దులిపి, కొక్కేనికి తగిలించాడు.

ఆమె మునిగిపోయే ముక్కను సినిమాలోంచి తీసేయలేదు. వరద దృశ్యం ఎంత సహజంగా ఉందో అని పత్రికలు మెచ్చుకున్నాయి. ఊరి హాలులో ఆడినన్నాళ్ళూ దిర్చే వెళ్ళి కూర్చునేది. నేను ఒకసారి వెళ్ళి పక్కన కూర్చున్నాను. కూతురు నీళ్ళలోంచి పైకి వచ్చి అరిచినప్పుడు దిర్చే తల అడ్డంగా ఊపింది.

“అది మా పిల్ల గొంతు కాదమ్మా,” అంది. “మా పిల్ల అట్టా అరవదు. ఆళ్ళ నాన్నని పిలుత్తాది.”

ఐదో అంశం. నేను ఉంటున్న ఈ ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం యోలే కస్తాల్దీ జీవితాంతం అనుభవించాలి. ఆమెను ఖాళీ చేయించడానికి, గది అద్దెకు ఇవ్వమని బలవంతపెట్టడానికి, గోడ కొలవడానికి ఎవరికీ హక్కు లేదు. ఆమె తర్వాత ఇల్లు మిలేనా కార్లికి సర్వహక్కులతో చెందుతుంది.

యోలే నాకు చుట్టం కాదు. నా గొంతు. తెర మీద నా మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. నా యాసకు జనం నవ్వుతారని, నేను పెదవులు ఆడించిన ప్రతి మాటనూ డబ్బింగ్ గదిలో యోలే పలికింది. ఏళ్ళ తరబడి నా తరపున ఏడ్చి, నా తరపున దెప్పిపొడిచి, నా తరపున ప్రాణం విడిచింది. అయినా మేము ఒకరినొకరు చూసుకోలేదు. నిజం చెబితే నాకు ఆవిడంటే పడేది కాదు. ఎవరైనా వీధిలో నా గొంతు బాగుంటుందని మెచ్చుకుంటే నోరు మూసుకుని తల ఊపి తప్పుకునేదాన్ని.

ఆ వరద సినిమాకు నా వేషానికి మాటలు చెప్పడం అయిపోయాక, యోలేను ఇంకొంచెం సేపు ఉండమన్నారు. తెర మీద నీళ్ళు, అందులో ఒక పిల్ల.

“ఒక్క కేక వెయ్యి యోలే. నీళ్ళలోంచి వచ్చినట్టుండాలి,” అన్నారు.

వేసింది. ఇంకాస్త భయం కావాలన్నారు. “ఎవరీ అమ్మాయి? కొత్తగా ఉంది, భలే చేసింది,” అని అడిగింది యోలే.

యంత్రం దగ్గర కూర్చున్న ముసలాయన తల ఎత్తకుండానే చెప్పాడు. “చెయ్యలేదమ్మా. చచ్చిపోయింది.”

యోలే చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. మళ్ళీ రమ్మంటే వెళ్ళలేదు. వాళ్ళు మొదటి కేకనే వాడుకున్నారు.

ఆ ఆదివారం ఎవరో తలుపు కొట్టారు. నేను ఇంకా గొళ్ళెం తీయలేదు, బయటి నుంచి, “లియా గారూ, నా పేరు యోలే. నేను మీకు తెలియదు,” అన్న మాట వినిపించింది. అది సినిమాల్లో నేను మాట్లాడే గొంతే. నా ఇంటి గుమ్మం అవతల నిలబడి నన్నే పిలుస్తోంది. తలుపు తీస్తే పొట్టిగా, కళ్ళద్దాలు పెట్టుకుని, గొడుగు పట్టుకుని ఒకావిడ.

“ఆ పిల్ల పేరేంటి?” అని అడిగింది. “ఎవరూ చెప్పడం లేదు. ఆ పిల్లకి గొంతు నాది పెట్టారు. పేరైనా తెలియాలి కదా.”

చెప్పాను. కుర్చీలో కూర్చుని ఆ పేరును నెమ్మదిగా పలికి చూసుకుంది. ఆవిడ మళ్ళీ కేక వేయనన్నందుకు, నేను కోర్టులో చెబుతానన్నందుకు, ఆ రోజుల నుంచి మా ఇద్దరికీ పని తగ్గిపోయింది. ఒరెస్తే వెళ్ళిపోయాక ఆవిడ ఈ ఇంటికి వచ్చేసింది. మా ఇద్దరి గురించి పేటలో అనుకునేవాళ్ళు ఏమేమో అనుకున్నారు. పొద్దున కాఫీ పెట్టేది ఆవిడ, రాత్రి తలుపులు వేసేది నేను. ఇప్పుడు ఆవిడకు మాట లేదు, నాకు ఊపిరి లేదు. పలక మీద ఆవిడ రాస్తుంది, నేను చదువుతాను. ఇంటిని ఆవిడకు ఇవ్వడానికి కోర్టుకు ఇంకా కారణం కావాలంటే, ఇవానో టేపును సాక్ష్యంగా తెప్పించుకోండి.

ఆరో అంశం. నా మాజీ భర్త ఒరెస్తే ప్రాందీకి ఏమీ ఇవ్వడం లేదు.

ఇది మరిచిపోవడం వల్ల జరిగింది కాదని తెలియడానికి ప్రత్యేకంగా రాయిస్తున్నాను. పడవ ఒరిగిన మధ్యాహ్నం ఒరెస్తే గట్టు మీద నా పక్కనే ఉన్నాడు. సాంతే చెప్పింది విన్నాడు. నేను లుక్కికి చెప్పింది కూడా విన్నాడు. ఆ సాయంత్రం సత్రంలో కూర్చుని, సూప్ గిన్నె ముందు పెట్టుకుని, “ఇది హత్యే, ఎర్సీ,” అన్నాడు. వారం తిరక్కుండా గర్గాంతి భోజనానికి పిలిచాడు. తిరిగి వచ్చాక ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు నివెస్ చావు మీద కేసు విచారణకు వచ్చింది.

కోర్టులో నేను విన్నది విన్నట్టు చెప్పాను. సాంతే మాటల్ని మా భాషలో ఒకసారి, అందరి భాషలో ఒకసారి చెప్పాను. గర్గాంతి తరపు లాయరు లేచి నిలబడ్డాడు.

“అయ్యా, ఈమె ఎన్నో సినిమాల్లో నటించింది. ఏ ఒక్క నిర్మాతా ఈమె మాట వినదగిందని అనుకోలేదు. మనం ఎందుకు వినాలి?” అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒక గుమాస్తా తప్ప మిగిలినవాళ్ళ ముఖాలు మరిచిపోయాను. ఆ మనిషి నవ్వి, వెంటనే నా వైపు చూసి తల దించుకున్నాడు.

ఒరెస్తే సాక్ష్యం చెప్పేటప్పుడు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మా లాయరు బయటికి వచ్చి, “మీ ఆయన మంచు వల్ల ఏమీ చూడలేదన్నాడు,” అని చెప్పాడు. ఒరెస్తే మంచు వల్ల ఏమీ చూడలేదని కోర్టులో చెప్పాడు. మృతురాలి అజాగ్రత్త వల్లే పడవ ఒరిగిందని తీర్పు వచ్చింది. లుక్కి ఏదో అల్లి చెప్పి ఉంటాడనుకున్నాను. దిర్చే ఆ తీర్పు కాగితం చదవలేదు, చదవడం రాదు. ఊళ్ళో వాళ్ళు చదివి చెప్పారు. “మా పిల్ల తప్పంటన్నారు,” అని నాతో అని, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. పోయేదాకా ఇంకెవరితోనూ నివెస్ పేరు ఎత్తలేదు.

ఒరెస్తేకు ఆ మరుసటి ఏడాది కథానాయకుడి వేషం వచ్చింది. చాలా ఏళ్ళు వస్తూనే ఉన్నాయి. నేను అతని పెట్టెలు సర్ది గుమ్మం బయట పెట్టాను. అతను వాటిని తీసుకెళ్ళడానికి డ్రైవరును పంపాడు.

ఏమీ ఇవ్వడం లేదు కాబట్టి అతనికి సాక్షిగా నిలబడే అర్హత ఉందని నోటరీ గారు చెప్పారు. అందుకే రెండో సాక్షిగా అతన్నే పిలిపించాను. ఈ మాటలు నోటరీ గారు చదువుతున్నప్పుడు అతను ఈ గదిలోనే ఉంటాడు. నేను పోయాక శవపేటిక దగ్గర ఏడవడం అతనికి తేలిక, ఆ పని అతనికి వచ్చు. బతికి ఉన్న నా ఎదురుగా కూర్చుని వినడం వచ్చో రాదో చూడాలి.

ఏడో అంశం. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత నోటరీ మాస్త్రాంజెలి గారిదే. ఇంకో పని కూడా వారికి అప్పగిస్తున్నాను. ఆ సినిమాకు ముప్పై ఏళ్ళు నిండుతున్నాయని, వచ్చే ఏడాది వేసవిలో మైదానంలో వేసి, నన్ను వేదిక మీదికి పిలుస్తామని పురపాలక సంఘం వాళ్ళు రాశారు. అప్పటికి నేను ఉండను. సినిమా మీద నాకు ఏ హక్కూ లేదు, వద్దనలేను. నా బదులు ఒక ముక్క రాసి పంపండి: పడవ దృశ్యంలో నీళ్ళలోంచి పైకి వచ్చే ఆమె పేరు నివెస్ కార్లి. ఆమె నటించలేదు.

పై అంశాలన్నీ చదవడం పూర్తయ్యాక జరిగిన విషయాన్ని కూడా నా మాటగా చేర్చమని నోటరీ గారిని కోరుతున్నాను.

యోలే లబ్ధి పొందే మనిషి కాబట్టి వంటింట్లో ఉంది, తలుపు వేసి ఉంది. తుల్లియా మంచం కాళ్ళ వైపు నిలబడింది. ఒరెస్తే కిటికీ దగ్గర కుర్చీలో, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. జుట్టుకు రంగు వేయడం మానేశాడు. ఆరో అంశం చదువుతున్నంతసేపూ కదల్లేదు. అంతా అయ్యాక, బడిలో పిల్లవాడిలా చెయ్యి ఎత్తాడు.

“అందులో ఒక తప్పుంది,” అన్నాడు.

“సాక్షికి లోపలి విషయాల మీద మాట్లాడే హక్కు లేదండీ,” అన్నారు నోటరీ గారు.

“మాట్లాడనివ్వండి,” అన్నాను. బుకాయిస్తాడనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధంగా ఉంచుకున్నాను.

“నేను చూడలేదని చెప్పలేదు, ఎర్సీ. మీ లాయరు నీకు అలా చెప్పి ఉంటాడు, నీ మీద జాలిపడి. నేను చూశానని చెప్పాను. పడవ నిలకడగానే ఉందన్నాను. ఆ పిల్ల కెమెరాకి కనపడాలని లేచి నిలబడిందని, అటూ ఇటూ ఊపిందని, దానివల్లే ఒరిగిందని చెప్పాను. ఆ మాటలు వాళ్ళు రాసిచ్చినవి.” అతను టోపీని తిప్పుకున్నాడు. “నవ్వుతూ ఊపింది అన్నాను. నవ్వుతూ అన్నది వాళ్ళు రాయలేదు. అది నేను కలిపాను. అలా అంటే నమ్ముతారనిపించింది. నమ్మారు.”

తుల్లియా సిలువ గుర్తు వేసుకుంది. నేను సిద్ధం చేసుకున్న జవాబు దేనికీ పనికిరాలేదు. దిర్చే పొయ్యి వైపు తిరిగి నిలబడ్డ వీపే నా కళ్ళకు కనిపిస్తూ ఉండిపోయింది.

“ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“నువ్వు అడిగిందెప్పుడూ నేనేం చూశానని. ఏం చెప్పానని అడగలేదు.”

ఆరో అంశంలో “మంచు వల్ల ఏమీ చూడలేదని” అన్న వాక్యాన్ని చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టివేసి, అతను ఇప్పుడు చెప్పిన మాటల్ని చెప్పినట్టే రాయమన్నాను. దాని నకలు ఒకటి రేపే రవెన్నాకు, మిలేనాకు పంపమన్నాను.

“నేను పోయేదాకా ఆగలేవా, ఎర్సీ?” అన్నాడు ఒరెస్తే.

“నీకంటే ముందు పోయేది నేను,” అన్నాను. “రేపే వెళ్తుంది.”

సవరించిన భాగాన్ని నోటరీ గారు మళ్ళీ చదివారు. కలం ముందు నాకు, తర్వాత తుల్లియాకు, ఆ తర్వాత ఒరెస్తేకు ఇస్తారు. అతను సంతకం పెడతాడో, కలం కింద పెట్టి లేచి వెళ్ళిపోతాడో ఈ మాట రాయించే వేళకు నాకు తెలియదు. అతను పెట్టకపోతే ఎదురింటి చెప్పుల దుకాణం ఆయన్ని పిలిచి పెట్టించండి. నా నిర్ణయంలో మార్పు లేదు.

రోమా, 1984 ఫిబ్రవరి 9, గురువారం, మధ్యాహ్నం.

సంతకం: ఎర్సీలియా తొందెల్లి

మొదటి సాక్షి: తుల్లియా పెత్రుచ్చి, పాల వ్యాపారం, గర్బతెల్లా

రెండో సాక్షి: ఒరెస్తే ప్రాందీ, నటుడు, రోమా

నా ఎదుట సంతకాలు జరిగినవి. రెండో సాక్షి సంతకం చేసే ముందు సవరణ భాగాన్ని కాగితం తీసుకుని తానే పైకి చదివారు. “నవ్వుతూ” అన్న మాట దగ్గర ఆగి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేశారు.

ఫుల్వియో మాస్త్రాంజెలి, నోటరీ